గిటారుకి తొడిగిన కోటు

కిందటి వారం టింగుని బాబాయి దుకాణం మెట్ల దగ్గర వదిలేసి మన దారిన మనం పోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. భుజాన గిటారు సంచీ, ఒక కాలు మొదటి మెట్టు మీద.

మధ్యలో కథ అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టింగు అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తు లేదు. చిన్నప్పుడు రేకు డబ్బాకి రబ్బరు బ్యాండ్లు బిగించి పొద్దస్తమానం మోగిస్తుంటే ఆ చప్పుడే పేరైపోయింది. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములకి మరలు బిగిస్తుంది, సెలవు దొరికితే స్నేహితులతో కలిసి స్టేజీలెక్కి వాయిస్తుంది. సంచీలో ఉన్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు ఆమెది కాదు, బాబాయిది. చాలా ఖరీదైనది. ఎంతని అడగకండి, ఆ అంకె వింటే టింగు వాళ్ళ నాన్నకి దగ్గొస్తుంది. సోఫాలకీ కారు సీట్లకీ తొడుగులు కుట్టే బాబాయి ఒకప్పుడు సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో వాయించేవాడు. కుట్టు మిషను సూది కింద పడి ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ వంగడం మానేశాక, గిటారు బీరువాలోకి వెళ్ళిపోయింది. ఏళ్ళ తర్వాత, పోయిన నెలలో, ఆయనే దాన్ని బయటికి తీసి "నువ్వు వాయించుకోవే" అని టింగు ఒళ్ళో పెట్టాడు.

ఇక నిన్నటి సంగతి. ఓ కంపెనీ వార్షికోత్సవంలో పాట హుషారెక్కి మేనేజరుగారు స్వయంగా స్టేజీ మీదికొచ్చి చిందులేశాడు. మైకు తీగ ఆయన కాలికి చుట్టుకుంది. ఆయన పడలేదు. మైకు స్టాండు పడింది, సరిగ్గా గిటారు మీద. కింది అంచున బొటనవేలి గోరంత రంగు లేచిపోయి లోపలి చెక్క తెల్లగా కనబడింది.

వచ్చే శనివారం పాత నాటకశాలలో టింగు బృందం కార్యక్రమం ఉంది. ఇన్నాళ్ళూ ఎవరెవరివో పాటలు వాయించినవాళ్ళు మొదటిసారి సొంత పాటలు వినిపించబోతున్నారు. అందులో తొలి పాట టింగు కట్టింది. పాట మొదట్లో గొంతు లేదు, డ్రమ్ములు లేవు, ఒక్క గిటారే. టింగు సొంత గిటారు సంగతి చెప్పాలంటే, దాని మెడ వంగిపోయింది, పాట సగంలో శ్రుతి జారుతుంది, ఎవరూ ముట్టుకోకపోయినా తనలో తను గొణుక్కుంటుంది. అంచేత బాబాయి ఇవాళ ఎర్ర గిటారు వెనక్కి తీసుకుంటే ఆ పాటకి శనివారం లేనట్టే.

బృందంలో పాడే అమ్మాయి నిన్ననే ఒక ఉపాయం చెప్పింది. "నా గోళ్ళరంగు సరిగ్గా ఇదే ఎరుపు. ఒక్క చుక్క పెట్టెయ్, దేవుడు కూడా కనిపెట్టలేడు." ఆ చిన్న సీసా టింగు జేబులో ఉంది. పొద్దున రెండుసార్లు మూత తీసింది, రెండుసార్లూ పెట్టేసింది. అంత నమ్మి ఇచ్చినవాడి దగ్గర రంగు పూసిన అబద్ధం చెప్పడానికి చెయ్యి రాలేదు.

మెట్లెక్కింది.

ఆదివారం కాబట్టి పనివాళ్ళు లేరు. గోడ వారన రెక్సిన్ చుట్టలు నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో ఒక సోఫా కాళ్ళు పైకి పెట్టి సగం స్పాంజీ ఊడదీయించుకుని పడుకుంది. దుకాణమంతా జిగురు వాసన. కారు లేని కారు సీటు మీద బాబాయి కూర్చుని కుడి చెయ్యి చాచాడు. పిన్ని ముందు వంగి ఆ మణికట్టు దగ్గర చొక్కా బొత్తాం పెడుతోంది. రోజూ ఉండేదే. బొత్తాలు, బూట్ల లేసులు, బత్తాయి తొనలు ఒలవడం, అన్నీ పిన్నే. ఆ రెండు వేళ్ళ పని ఆమె తన పది వేళ్ళకీ పంచుకుంది.

ఎదురుగా స్టూలు మీద నాన్న పేపరు చదువుతున్నాడు. నాన్న బస్సు డిపోలో స్టోరు కీపరు. ఆయన సంతకం లేకుండా అక్కణ్ణుంచి ఒక్క నట్టు బయటికి పోదు, సంతకం ఉన్నా ఆయన మనసు ఒప్పుకోదు. ఇంట్లో టీవీ రిమోట్‌ని ఇప్పటికీ అట్టపెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కవరులోంచే నొక్కుతారు. వస్తువంటే ఉంచుకోవడానికని ఆయన గట్టి నమ్మకం, వాడుకోవడానికని లోకం ఎంత మొత్తుకున్నా సరే.

"వచ్చావా! రా రా. నిన్న ఎలా జరిగింది?" అన్నాడు బాబాయి.

"బాగానే జరిగింది బాబాయ్."

నాన్న పేపరు దించాడు. సరుకు ఒక్క వీసమెత్తు తగ్గినా పసిగట్టే మనిషి ఆయన. "బాగా జరిగినవాళ్ళ మొహం అలా ఉండదు. ఏమైంది?"

టింగు ముందుకొచ్చింది. సంచీ జిప్పు తీసి, గిటారుని కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టి, దెబ్బ తగిలిన అంచుని బాబాయి వైపు తిప్పింది. జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి పక్కన పెట్టింది.

"కప్పేద్దామనుకున్నా. మనసొప్పలేదు. పాట మధ్యలో మేనేజరుగారు స్టేజీ ఎక్కి చిందులేస్తే మైకు స్టాండు పడింది బాబాయ్. తప్పు నాది కాదు, కానీ గిటారు నా చేతిలో ఉంది. కాబట్టి నాదే."

బాబాయి నోరు తెరిచేలోగా నాన్న లేచాడు. "చెప్పానా? ఇచ్చిన రోజే చెప్పానా, వద్దురా అని? ఇంత ఖరీదైన వస్తువుని బజారున పడేసి తిప్పుతారా ఎవరైనా? వాడు పిచ్చి ప్రేమతో ఇచ్చాడు, నీ బుద్ధేమైంది? తెచ్చుకుని, ఇంట్లో తలుపులేసుకుని, ఓ గంట వాయించుకుని, తుడిచి లోపల పెట్టుకోవాలి. తోసుకునే జనంలోకి, తాగి గంతులేసేవాళ్ళ మధ్యకి తీసుకెళ్ళడానికి చవకది నీకుందిగా!"

"అది శ్రుతిలో నిలబడదు నాన్నా."

"నిలబడకపోతే నిలబెట్టుకో. ఇలాంటివి స్టేజీల మీద వాయించడానికి చెయ్యరు. షోరూముల్లో అద్దాల వెనక ఎందుకు పెడతారంటావ్?"

"అమ్మడానికి."

పిన్ని నవ్వు బయటపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న మొహం గిటారు రంగులోకి తిరిగింది.

"నాతో వాదించకు. మంచి వస్తువుకో మంచి సమయం ఉంటుంది."

"అదే అడుగుతున్నా, ఎప్పుడు? ఇంట్లో చవకదే, స్టేజీ మీదా చవకదే. మరి మంచిది ఎప్పుడు నాన్నా?"

"వస్తుంది."

"మా పింగాణీ కప్పులకీ ఇదే మాట చెప్పారు బావగారూ," అంది పిన్ని టీ పెట్టడానికి లోపలికి వెళ్తూ. "గొప్పవాళ్ళొచ్చినప్పుడు తీద్దామన్నారు. ఇప్పటిదాకా అంత గొప్పవాడు పుట్టలేదు. మీకు స్టీలు గ్లాసులోనే ఇస్తాను, ఏమనుకోకండి."

ఈ గోల సాగుతుండగానే బాబాయి గిటారుని దగ్గరికి లాక్కున్నాడు. వంగి, లేచిపోయిన రంగు చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు. ఆ నెమ్మది నాన్న అరుపులకన్నా ఎక్కువ భయపెట్టింది టింగుని. దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది.

"బాబాయ్, నువ్వు వెనక్కి తీసేసుకున్నా నేనేమీ అనుకోను. నిజంగా. కానీ ఒకటి చెప్పనీ. నా గిటారుతో ఇన్నాళ్ళూ నేను పోట్లాడాను, వాయించలేదు. నా పాట నా తలలో ఎలా ఉందో అలా మొదటిసారి విన్నది దీని మీదే. పోయిన నెల, మా గదిలో. విని ఏడ్చాను కూడా. నీకు చెప్పలేదు, సిగ్గేసింది. నువ్విచ్చింది గిటారు కాదు బాబాయ్, ఆ పాటే నువ్విచ్చావ్. ఈ నెల రోజులు చాలు నాకు. నేను మర్చిపోను."

నాన్న మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. కూతురు కంటనీరు పెట్టుకుంటే ఏ స్టోరు రూలూ పనిచెయ్యదు.

"వెనకాల పగులేమన్నా వచ్చిందేమో చూద్దాం," అన్నాడు బాబాయి ఎట్టకేలకు. గిటారుని బోర్లా తిప్పాడు.

వెనక వైపంతా కోటు తొడిగినట్టు నల్లటి రెక్సిన్ దిండు ఉంది. లోపల పలచని స్పాంజీ, అంచుల వెంట సన్నతాడు పెట్టి కుట్టిన పైపింగ్, చుట్టూ తెల్ల దారంతో జంట కుట్టు, భుజం పట్టీ తగిలించే మేకుల దగ్గర టిచ్ బటన్లు. నడుం బెల్టు రాసుకుని గీతలు పడతాయని బాబాయి తన చేత్తో కుట్టింది. అంత అందమైన కుట్టు ఆయన దుకాణంలో ఏ కారు సీటుకీ దక్కలేదు. గిటారు ఇచ్చిన రోజు టింగుకి పెట్టిన షరతు ఒక్కటే: "ఏమైనా చేసుకో, ఇది మాత్రం విప్పకు." టింగు విప్పలేదు. నిజానికి బాబాయి కూడా కుట్టిననాటి నుంచి విప్పలేదు.

ఇప్పుడు బటన్లు ఊడదీశాడు. దిండు రాలేదు. కుడి చేత్తో అంచు పట్టుకుని లాగాడు. గాయం మీద పట్టీ పీకినట్టు చర్రుమంది. మరి కాస్త లాగాడు. రెక్సిన్‌తో పాటు ఎర్రటి పొర పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది.

ముగ్గురూ వంగి చూశారు. గిటారు వీపు మీద అద్దంలాంటి మెరుపు ఉండాల్సిన చోట కొంత మేర వట్టి చెక్క ఉంది. రంగు మిగిలిన చోట అది మెత్తబడి, జిగటగా మారి, రెక్సిన్ మీది ముడతలన్నీ తన మీద అచ్చేసుకుంది. ముందువైపు గోరంత దెబ్బ దీని ముందు ఒక దెబ్బే కాదు.

"అయ్యయ్యో," అన్నాడు నాన్న. "ఇదేమిట్రా? ఇది కూడా నిన్నటిదేనా?"

"కాదన్నయ్యా. ఇది నాది." బాబాయి దిండుని తిరగేసి అతుక్కున్న ఎర్ర పెచ్చుల్ని చూశాడు. "పాలిష్ చేసిన చెక్కకి రెక్సిన్ నేరుగా ఆనించకూడదు. ఆనిస్తే కొన్నాళ్ళకి పాలిష్‌ని కరిగించి పట్టుకుంటుంది. మధ్యలో నూలు గుడ్డ వెయ్యాలి. దుకాణం పెట్టిన రోజు నుంచి పనివాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఒకసారి ఎవరో కుర్చీ చేతులకి గుడ్డ వెయ్యకుండా కుడితే మళ్ళీ మొత్తం ఊడదీయించాను."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందన్న సామెత అక్కడ ముగ్గురికీ గుర్తొచ్చింది. ఎవరూ పైకి అనలేదు. నేనంటే అన్నానుగానీ, నన్ను వాళ్ళు వినలేదు.

బాబాయి కారు సీట్లో వెనక్కి వాలాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా, ఆ తర్వాత కళ్ళు తుడుచుకునేలా. టింగు ఏం చెయ్యాలో తోచక ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"దీన్ని నేను కొనుక్కోలేదే టింగూ. నా పాతది ఒకరోజు వానకి తడిసి పాడైతే, ఆర్కెస్ట్రా వాళ్ళంతా కలిసి కొనిచ్చారు. ఒకడేమో తన పెళ్ళికి బూట్లు కొనుక్కోవడం మానుకున్నాడు. అంత మంచి వాద్యం నా చేతిలో పెట్టారు. థాంక్స్ అంటే సరిపోదనిపించింది. ఏం చెయ్యాలో తెలీలేదు. నాకు తెలిసింది కుట్టడమే. కుట్టాను."

"మరి వాళ్ళేమన్నారు?"

"డ్రమ్ములాయన చూసి, గిటారుకి కోటు తొడిగావేంట్రా, చలేస్తోందా దానికి, అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, దాని ఒంటి మీద మొదటి గీత నీదే పడాలిరా, అందుకే ఇచ్చాం అని. నాకు కోపం వచ్చింది. గీతలు పడకుండా చూసుకోవడమే కృతజ్ఞత అనుకున్నాను నేను. వాళ్ళు వాయించమని ఇచ్చారు. నేను దాచాను."

బాబాయి చెయ్యి చాచి మళ్ళీ ఆ గోరంత దెబ్బని ముట్టుకున్నాడు. ఈసారి పిల్లల బుగ్గ తాకినట్టు తాకాడు.

"ఇన్నేళ్ళకి పడింది ఆ గీత. పాట మధ్యలో, జనం గంతులేస్తుంటే పడింది. వాళ్ళు కోరుకున్నది ఇదేనే. నువ్వు నాకు థాంక్స్ చెప్తున్నావా? పిచ్చిదానా! వాళ్ళ బాకీ నా తరఫున నువ్వు తీరుస్తున్నావ్. నేను చెప్పాలి నీకు."

టింగు ఆయన మోకాలి మీద తల ఆనించింది. ఆ పిల్ల గుండెలో అప్పుడున్నది సంతోషమో ఏడుపో విడదీసి చెప్పడం నావల్ల కాదు. కృతజ్ఞత ఎక్కువైనప్పుడు రెండూ ఒకే గ్లాసులో కలిసిపోతాయి.

"అయితే శనివారం..." అంది చిన్న గొంతుతో.

"ఇదే వాయిస్తావ్. తర్వాత కూడా ఇదే. వర్షమొస్తే సంచీలో పెట్టు, చెమట పడితే తుడువు, అంతే. వెనక పెచ్చులు నేను అరగదీసి సాఫు చేస్తాను. ముందు దెబ్బ మీద చెమ్మ దిగకుండా పలచగా ఓ వార్నిష్ చుక్క. ఆ గోళ్ళరంగు మాత్రం వద్దు. కనబడనీ దాన్ని."

నాన్న అప్పటికి రెండుసార్లు పేపరు మడిచి విప్పాడు. వాదనలో ఓడిపోయినట్టు ఒప్పుకోవడం ఆయన జాతకంలో లేదు. కానీ కాళ్ళు పైకి పెట్టి పడుకున్న సోఫా కేసి, ఊడొచ్చిన దిండు కేసి చూస్తూ చాలాసేపు ఏదో ఆలోచించాడు. బహుశా రిమోట్ గుర్తొచ్చి ఉంటుంది.

"శనివారం నేనూ వస్తా," అన్నాడు చివరికి.

"పాట వినడానికా నాన్నా?"

"పాటెవడిక్కావాలి? మైకు స్టాండు దగ్గర నిలబడతా. ఏ మేనేజరొస్తాడో చూస్తా."

టింగు పకపకా నవ్వింది. జన్మలో నాన్న ఆమె కార్యక్రమానికి వస్తానన్నది ఇదే మొదటిసారి. ఆ మాట ఆయనకి గుర్తు చేస్తే ఎక్కడ మానేస్తాడోనని ఊరుకుంది.

"ఏదీ, కోటు విప్పాక గొంతెలా ఉందో విందాం. నీ పాటే వాయించు," అన్నాడు బాబాయి.

సంచీ పక్క జేబులోని చిన్న స్పీకరు పెట్టెకి తీగ తగిలించి టింగు మొదలుపెట్టింది. స్పాంజీ అడ్డం లేకపోవడంతో చెక్క వణుకు నేరుగా పొట్టకి తగిలింది. ఇన్నాళ్ళూ గిటారు గోడ అవతల నుంచి మాట్లాడినట్టూ, ఇప్పుడు పక్కనొచ్చి కూర్చున్నట్టూ అనిపించింది ఆమెకి. పాట కొండ ఎక్కినట్టు మెల్లగా పైకి పోయి, ఒకచోట మలుపు తిరగాలి. అక్కడ చిటికెన వేలు గిటారు మెడ మీది నాలుగు మెట్ల అవతలికి సాగాలి. సాగలేదు. ఎప్పుడూ అక్కడే తడబడుతుంది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ జారింది.

"అలా కాదే. మణికట్టు దించు," అన్నాడు బాబాయి.

దించింది. ఊహూఁ.

"కాదు కాదు, బొటనవేలు వెనక్కి పోవాలి. ఇటివ్వు." ఆయన ఆమె చేతిలోంచి గిటారు లాక్కుని తొడ మీద ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి మెడ మీదికి పాకింది. పాట మొదలైంది, మెల్లగా పైకి పోయింది, మలుపు దగ్గరికొచ్చింది. ఉంగరం వేలు వంగింది. చిటికెన వేలు సాగి, నాలుగు మెట్ల అవతల తీగని మెత్తగా నొక్కి, అక్కడే కాస్త ఊగి, ఆ స్వరాన్ని ఏడిపించి వదిలింది. ఒక్క పొరపాటు లేదు. టింగు కట్టిన పాట టింగుకే కొత్తగా వినబడింది.

ఆ అందంలో పడి ముందు ఎవరికీ ఏమీ తట్టలేదు. నాన్న కూడా తలాడించాడు.

లోపలి గుమ్మం దగ్గర గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది. పిన్ని టీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పాట వినడం లేదు. బాబాయి ఎడమ చేతిని చూస్తోంది.

పళ్ళేన్ని సోఫా అడుగు చెక్క మీద జాగ్రత్తగా పెట్టింది. దగ్గరికొచ్చింది. ఇందాక తను పెట్టిన మణికట్టు బొత్తాన్ని వేలితో ముట్టుకుంది.

"ఏమండీ," అంది చాలా నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ ఈ బొత్తాలు నేనెందుకు పెడుతున్నాను?"

బాబాయి కళ్ళు తెరిచాడు. వంగవన్న ఆ రెండు వేళ్ళూ తీగల మీద అలాగే వంగి ఉన్నాయి. దాచడానికి ఇప్పుడు ఏ కోటూ లేదు.